తిరుపతిలో తెల్లవారుజామున రెసిల్‌మేనియా: ఏర్పాట్లు, నా అనుభవం

రెసిల్‌మేనియా అంటే డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికన్ రెజ్లింగ్ కంపెనీ ఏడాదికోసారి పెట్టే అతిపెద్ద షో. మామూలుగా అది అమెరికాలో శని, ఆదివారాల సాయంత్రం జరుగుతుంది. మనకు అది ఆది, సోమవారాల తెల్లవారుజాము. 41వ రెసిల్‌మేనియా 2025 ఏప్రిల్ 19, 20 తేదీల్లో లాస్ వేగాస్‌లోని అలీజియంట్ స్టేడియంలో జరిగింది. అక్కడ సాయంత్రం 4 గంటలకు మొదలైతే, ఇక్కడ మర్నాడు పొద్దున 4:30. ఒక్కో రోజు షో దాదాపు నాలుగు గంటలు. అంటే మనం చీకట్లో కూర్చుంటే మెయిన్ ఈవెంట్ (చివరి పెద్ద మ్యాచ్) టైముకు బయట ఎండ చుర్రుమంటూ ఉంటుంది. తిరుపతిలో ఇంట్లో పది మంది కలిసి పెద్ద తెర మీద చూడాలంటే వచ్చే తలనొప్పులన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుడతాయి. కొన్నేళ్లుగా స్నేహితులం కలిసి చేసుకుంటున్న ఏర్పాట్లు ఇవి.

ముందు టైము లెక్క. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఆ తర్వాత న్యూయార్క్ టైము మనకన్నా 9:30 గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో 10:30 గంటలు వెనక. రెసిల్‌మేనియా ఏప్రిల్ పండగ కాబట్టి 9:30 లెక్క సరిపోతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో వచ్చే ఇంకో పెద్ద షో రాయల్ రంబుల్‌కు అదే లెక్క వేసుకుంటే గంట ముందే లేచి కళ్లు నులుముకుంటూ కూర్చోవాలి. పోస్టర్ మీద ‘ఈటీ’ అని వేసే టైము స్టేడియం ఉన్న ఊరిది కాదు, న్యూయార్క్ వైపు టైము. లాస్ వేగాస్ దానికన్నా మూడు గంటలు వెనక. ఇది తెలియక ఊరి టైముకు 9:30 కలిపేవాళ్లకు షో ఒకటిన్నరకే మొదలవుతుందన్న లెక్క వస్తుంది.

పెద్ద తెర అనగానే ఎవరైనా ముందు అనేది, ‘మిద్దె మీద కడదాం, చల్లగా ఉంటుంది’ అని. చల్లగా ఉండే మాట నిజమే. కానీ ఏప్రిల్ మూడో వారంలో తిరుపతిలో 6 గంటలకు కాస్త ముందే పొద్దు పొడుస్తుంది, 5:30కే ఆకాశం తెల్లబడుతుంది. రెండో మ్యాచ్‌కు బొమ్మ పాలిపోతుంది, మూడో మ్యాచ్‌కు తెల్లగుడ్డ మాత్రమే మిగులుతుంది. పైగా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టడం నిబంధనలకు విరుద్ధం. కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి చోట్ల ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి. రెజ్లర్ సీఎం పంక్ రింగుకు వచ్చేటప్పటి పాట ఒక్కసారి మోగితే వీధి వీధంతా మేలుకుంటుంది. అందుకని మిద్దె ఆశ వదిలేసి లోపలి హాల్లోనే పెట్టుకోవాలి, అదీ తూర్పు వైపు కిటికీ తక్కువున్న హాల్లో.

హాలును చీకటి చేయడమే అసలు పని. కర్టెన్లు వేశాం కదా అనుకుంటే చాలదు. మామూలు కర్టెన్ గుండా 7 గంటల వెలుతురు ధారాళంగా వస్తుంది. కిటికీ అద్దానికి లోపలి వైపు నల్ల చార్ట్ పేపర్ అంటించి, దాని మీద కర్టెన్ వేస్తే పని జరుగుతుంది. చార్ట్ దొరక్కపోతే న్యూస్‌పేపర్ రెండు పొరలుగా వేసి, పైన దుప్పటి కట్టాలి. బ్రౌన్ టేప్ వాడితే ఊడదీసేటప్పుడు రంగు పెచ్చులుగా వస్తుంది, పెయింటర్లు వాడే కాగితం టేపే మేలు. అందరూ మర్చిపోయేది తలుపు మీది వెంటిలేటర్. కిటికీలన్నీ మూసి హాయిగా కూర్చున్నాక, 6:15కు వెంటిలేటర్ జాలీ గుండా నాలుగు వెలుగు పట్టీలు నేరుగా వచ్చి గోడ మీద రింగు మధ్యలో పడతాయి. నిమిష నిమిషానికి అవి పక్కకు జరుగుతుంటాయి గానీ పోవు. స్టూలెక్కి అట్టముక్క అడ్డం పెట్టేలోపు ఒక పిన్‌ఫాల్ (భుజాలు నేలకు అదిమిపట్టి గెలవడం) అయిపోతుంది.

నెట్, సౌండు ముందురోజు సాయంత్రం చూసుకోవచ్చు. వెలుతురు సంగతి సాయంత్రం తేలదు. శనివారం పొద్దున 7 గంటలకు అదే హాల్లో లైట్లు ఆర్పి, ప్రొజెక్టర్ వేసి చూస్తే ఎక్కడెక్కడ సందులున్నాయో కనిపిస్తుంది. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం గండం గడిచినట్టే.

ప్రొజెక్టర్ కొనక్కర్లేదు, కాలేజీ సెమినార్లకు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర దొరుకుతుంది. తీసుకునేటప్పుడు వెలుతురు ఎంతని అడగాలి. 3000 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు (వెలుతురుకు ప్రామాణిక కొలత) ఉంటే మూసిన హాలుకు చాలు. ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకు దొరికే చిన్న ప్రొజెక్టర్ల మీద 9000 ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. అది ఏఎన్‌ఎస్‌ఐ లెక్క కాదు, నమ్మి మోసపోవద్దు. త్రో రేషియో (దూరానికీ బొమ్మ వెడల్పుకూ ఉండే నిష్పత్తి) 1.5 ఉంటే 6 అడుగుల వెడల్పు బొమ్మకు ప్రొజెక్టర్ 9 అడుగుల దూరంలో ఉండాలి. బొమ్మ ఎత్తు దాదాపు 3 అడుగుల 4 అంగుళాలు వస్తుంది, అంటే 82 అంగుళాల టీవీ అంత. అద్దె ప్రొజెక్టర్లలో చాలా వాటి బొమ్మ ఆకారం చదరానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, అది రిపేరు కాదు. స్టూలు మీద పెట్టి కింద పుస్తకాలు దోపితే బొమ్మ పైకి వెడల్పుగా సాగుతుంది. దాన్ని ప్రొజెక్టర్‌లోని కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేయొచ్చు గానీ అక్షరాలు మసకబారుతాయి. అందుకే ప్రొజెక్టర్‌ను బొమ్మకు నేరుగా ఉండే ఎత్తులో పెట్టడం మంచిది.

తెరగుడ్డ కన్నా సున్నం వేసిన తెల్లగోడ నయం. గుడ్డయితే ఫ్యాను గాలికి ఊగుతుంది, దాంతో పాటు రింగు పోస్టులూ ఊగుతాయి. గుడ్డే కట్టాల్సి వస్తే అడుగున పీవీసీ పైపు దూర్చి బరువు పెట్టాలి. ప్రొజెక్టర్‌ను అటక మీద పెడితే ఇంకో తంటా: వెలుగు ఫ్యాను రెక్కల మధ్య నుంచి పోయి బొమ్మంతా మినుకుమినుకుమంటుంది. ఏప్రిల్లో కిటికీలు మూసిన గదిలో పది మంది, పైగా వేడి కక్కే ప్రొజెక్టర్. ఫ్యాను ఆపే మాటే లేదు.

చూసేవాళ్లు ఆరుగురి లోపయితే మాత్రం ఈ బాధేమీ పడొద్దు. 43 అంగుళాల టీవీ పెట్టుకుంటే వెలుతురు గోల ఉండదు. అంత కొద్దిమందికి ప్రొజెక్టర్ దండగ అని నా అభిప్రాయం.

ఇక షో ఎక్కడ వస్తుందంటే, 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో డబ్ల్యూడబ్ల్యూఈ మొత్తం నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. టెన్ స్పోర్ట్స్ కాలంలో కేబుల్ తీగ ఉంటే చాలు, ఇప్పుడు కొంచెం ముందుచూపు కావాలి. 2025 నాటి ధరల్లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఫోన్లో, ట్యాబ్‌లో మాత్రమే ఆడుతుంది, టీవీకి ఎక్కదు. 199 ప్లాన్ టీవీకి ఎక్కుతుంది, కానీ ఒకేసారి ఒక్కచోటే. 6 అడుగుల బొమ్మకు 499 ప్లాన్‌లో వచ్చే ఫుల్ హెచ్‌డీ ఉంటే బాగుంటుంది. ఇంకో సంగతి, ఆ అకౌంటు ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చింది. టికెట్ పెట్టడం, టీ కొట్లో, కెఫేలో పదుగురికి వేయడం కుదరదు. స్నేహితులు ఇంట్లో కూర్చుని, టిఫిన్ ఖర్చు పంచుకోవడం వరకే.

ఎక్కువ మంది ఇరుక్కునేది నల్లతెర దగ్గర. ఫోన్ స్క్రీన్‌ను మిర్రరింగ్ చేస్తే, అంటే ఫోన్ తెరనే పెద్ద తెర మీదికి పంపితే, సౌండు వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. కాపీ కొట్టకుండా పెట్టిన రక్షణ అది, ఫోన్ మార్చినా పోదు. హెచ్‌డీఎంఐ (ఇప్పటి వైరు) నుంచి వీజీఏకు (పాత రకం వైరుకు) మార్చే కన్వర్టర్ పెట్టినా చాలాసార్లు అదే కథ, ఎందుకంటే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ తాళం ఆ దారిలో తెగిపోతుంది. ల్యాప్‌టాప్ నుంచో, స్ట్రీమింగ్ స్టిక్ నుంచో నేరుగా హెచ్‌డీఎంఐ వైరుతో ప్రొజెక్టర్‌కు ఇవ్వడం ఒక్కటే భరోసా ఉన్న దారి. వీజీఏ మాత్రమే ఉన్న పాత ప్రొజెక్టర్ అద్దె తక్కువని తీసుకోవద్దు. వైరు 10 అడుగులకు తగ్గకుండా చూసుకోవాలి, లేకపోతే ల్యాప్‌టాప్ నడిదారిలో వేలాడుతుంది. అకౌంటు ఒకరిది, ఇల్లు ఇంకొకరిదైతే టీవీలో లాగిన్ చేసేటప్పుడు ఇది మీ ఇంటి పరికరం కాదని కోడ్ అడగొచ్చు. ఆ కోడ్ అకౌంటు యజమాని ఫోన్‌కో మెయిల్‌కో వస్తుంది. నాలుగున్నరకు ఆయన గారు నిద్రలో ఉంటే అంతే సంగతులు. శనివారం సాయంత్రమే లాగిన్ చేసి, అదే వైరు, అదే ప్రొజెక్టర్‌తో ఏదో ఒకటి ఇరవై నిమిషాలు ఆడించి చూడాలి.

ఫుల్ హెచ్‌డీకి గంటకు 3 జీబీ దాకా డేటా తింటుంది. నాలుగు గంటలకు 12 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్‌ను హాట్‌స్పాట్ చేసి నెట్టుకొద్దామంటే ముక్కాలు గంటకు ముందే అయిపోతుంది. కాబట్టి ఫైబర్ లైనే దిక్కు. దానికీ ఒక మెలిక ఉంది. మన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, వీధి చివర ఆపరేటర్ పెట్టిన పెట్టెకు కరెంటు పోతే మన నెట్ కూడా పోతుంది. పైగా మరమ్మతులు చేసేది కూడా ఎవరూ వాడని తెల్లవారుజామునే. ముందురోజు లోకల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి, ‘అన్నా, రేపు పొద్దన్నే పనులేమన్నా ఉన్నాయా?’ అని అడిగితే పోయేదేమీ లేదు. ఆపద్ధర్మంగా వేరే కంపెనీ సిమ్‌కు డేటా ప్యాక్ వేసి పెట్టుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక ప్రొఫైల్‌ను వేరుగా తెరిచి, అందులో డేటా వాడకం ‘మీడియం’కు మార్చి పెడితే గంటకు 0.7 జీబీతో గడుస్తుంది. బొమ్మ కాస్త అలుక్కుపోయినట్టు ఉంటుంది, కానీ ఆగదు.

కరెంటు లెక్క: లాంప్ ప్రొజెక్టర్ 300 వాట్లు, రెండు ఫ్యాన్లు 150, స్పీకరు, రౌటరు కలిపి 50. మొత్తం 500. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే రెండు గంటలు, పాతదైతే గంటకే మూలుగుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని ఒక స్విచ్ ఉంటుంది. అది యూపీఎస్ వైపు ఉండాలి. ఎకోలో ఉంటే మారేటప్పుడు రెప్పపాటు ఆలస్యం అవుతుంది, ఫ్యానుకు తెలియదు గానీ ప్రొజెక్టర్ ఆరిపోతుంది. వేడెక్కిన లాంప్ ఒకసారి ఆరితే చల్లారే దాకా మళ్లీ వెలగదు, అయిదు నిమిషాలు పోయినట్టే. ఫైబర్ పెట్టె ఒకటి, రౌటరు ఒకటి వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ ఉందో లేదో చూసుకోవాలి. చాలా ఇళ్లలో రౌటరుకే ఉంటుంది.

సౌండు విషయంలో సబ్‌వూఫర్ తీసేయాలి. గోడ దాటి పక్కింటికి పోయేది మాటలు కాదు, ఆ దడదడే. కామెంటరీ వినపడేంత పెట్టుకుంటే చాలు. ఇంగ్లిష్, హిందీ రెండూ ఉంటాయి, ఏది కావాలో ముందే తేల్చుకోండి, మధ్యలో మారుస్తామంటే గొడవే. ఖాళీ స్టేడియంలో మ్యాచ్ జరుగుతున్నట్టు అరుపులు పల్చగా వినిపిస్తే స్పీకరును తిట్టుకోవద్దు. పైకప్పు లేని స్టేడియంలో జనం గోల ఆకాశంలోకి పోతుంది. 2024లో ఫిలడెల్ఫియాలో 40వ రెసిల్‌మేనియా జరిగింది అలాంటి స్టేడియంలోనే. అలీజియంట్‌కు పైకప్పు ఉంది, గోల లోపలే తిరుగుతుంది. పైకప్పు లేకపోతే వాన భయం కూడా. 2021 ఏప్రిల్ 10న టాంపాలో వాన వల్ల సుమారు అరగంట ఆగింది. అలాంటప్పుడు స్ట్రీమ్ తెగిందనుకుని రౌటరు ఆపి వేయడం మొదలుపెడతారు, ముందు బయటి వార్త చూడాలి.

ఇంకో తమాషా: అక్కడ ఆరుబయట స్టేడియాల్లో ఎండలో మొదలై చీకటిలో ముగుస్తుంది. 2015లో కాలిఫోర్నియాలోని లీవైస్ స్టేడియంలో రెజ్లర్ అండర్‌టేకర్ ఇంకా వెలుతురుండగానే నడిచొచ్చాడు, ఆ నీలి లైట్లు, పొగ ఏవీ కంటికి ఆనలేదు. మన హాల్లో సరిగ్గా తిరగబడి, చివర్లో వెలుతురు చంపేస్తుంది. రెండు చోట్లా వెలుతురే శత్రువు.

తిండికి తిరుపతిలో కొదవ లేదు. ఘాట్ రోడ్డు మూడు గంటల ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి బస్టాండు, రైల్వే స్టేషన్ వైపు టీ కొట్లు ఆ వేళకు కళకళలాడుతుంటాయి. అయినా ఇంట్లో కాఫీ పెట్టుకుంటే ఎవరూ లేచి పోరు. రాత్రి పదికే ఫిల్టర్‌లో 100 గ్రాముల పొడి వేసి, బాగా మరిగిన నీళ్లు పోసి వదిలేస్తే పొద్దునకు చిక్కటి డికాషన్ దిగుతుంది. పది మందికి రెండు విడతలకు లీటరున్నర పాలు. పాలవాడు వచ్చేది తర్వాత, ప్యాకెట్లు రాత్రే ఫ్రిజ్‌లో ఉండాలి. పొంగలి, వడకు ఆరున్నరకు ఒకరిని బండి మీద పంపాలి.

ఆ ఒకరిని ఎప్పుడు పంపాలన్నది తెలియాలంటే షో నడక తెలియాలి. ప్రతి మ్యాచ్‌కు ముందు గొడవ ఎట్లా మొదలైందో చూపించే వీడియో మూడు, నాలుగు నిమిషాలు వస్తుంది. వారం వారం చూసేవాళ్లకు అది కొత్త కాదు, లేచేది అప్పుడే. రెజ్లర్లు పాటతో నడిచొచ్చే ఎంట్రన్స్‌లప్పుడు మాత్రం లేవకూడదు. స్టేడియంలో ర్యాంపు పొడుగు, నడిచి వచ్చేసరికే పాట రెండు సార్లు తిరుగుతుంది. పెద్ద షో అంటే అదే కదా, చిన్న అరీనాల్లో ఆ నడక దొరకదు. గంట కొట్టాక బొమ్మకన్నా చెవి పెట్టాలి, ఏ దెబ్బకు జనం లేచారన్నది తెర కన్నా ముందు చెవికి తెలుస్తుంది.

మొదటి మ్యాచ్ చిన్నదిలే అని 5 గంటలకు వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. 2025 మొదటి రోజు మొదటి మ్యాచే వరల్డ్ హెవీవెయిట్ టైటిల్‌ది, జే ఉసో గుంథర్‌ను ఓడించాడు. రెండో రోజు మొదలైంది ఇయో స్కై, రియా రిప్లీ, బియాంకా బెలెయిర్‌ల ముక్కోణపు పోటీతో. రెండు రోజుల్లోనూ నా లెక్కన అదే మేటి మ్యాచ్. చిత్తూరు నుంచి వచ్చే వాళ్లు 70 కిలోమీటర్లు పొద్దున బయల్దేరితే అందుకోలేరు, రాత్రే వచ్చి పడుకోవాలి. పడుకోవాలి అంటున్నా, కబుర్లతో తెల్లార్చడం కాదు. తొమ్మిదిన్నరకు పడుకుని నాలుగుకు లేచినవాళ్లు చివరి దాకా ఉంటారు. మేలుకునే ఉంటామన్నవాళ్లు మూడో మ్యాచ్‌కు గోడకు చేరబడి గురక పెడతారు. షోకు ముందు వచ్చే ప్రీ-షో ఎక్కువగా మాటలే కాబట్టి వదిలేయొచ్చు.

లైవ్‌లో ఎవరైనా పాజ్ కొడితే, అక్కడి నుంచి వెనకబడే నడుస్తుంది, ‘లైవ్’కు మళ్లీ దూకించాలి. పరికరానికి పరికరానికి అర నిమిషం తేడా మామూలే. కాబట్టి వాట్సాప్ గ్రూపులు, డబ్ల్యూడబ్ల్యూఈ యాప్, ఇన్‌స్టా నోటిఫికేషన్లు అన్నీ మూయాలి. పది ఫోన్లలో తొమ్మిది మూసి ఒకటి మర్చిపోతే ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. 2025 మొదటి రోజు చివర్లో మేనేజర్ పాల్ హేమన్ పంక్‌ను, రోమన్ రెయిన్స్‌ను ఇద్దరినీ వెన్నుపోటు పొడిచి సెత్ రాలిన్స్ పక్కన చేరిన క్షణం అలా ముందే తెలిస్తే ఇంత తెల్లవారుజాము ఎందుకు?

సోమవారమే అసలు కష్టం. జాన్ సీనా కోడీ రోడ్స్‌ను ఓడించి 17వ సారి వరల్డ్ చాంపియన్ అయింది ఏప్రిల్ 21 సోమవారం పొద్దున, ఆఫీసులకు పోయే టైములో. రేణిగుంట, శ్రీసిటీ వైపు షిఫ్టులున్న వాళ్లకు లీవు పెట్టడం, సాయంత్రం చూడటం, ఈ రెండే దార్లు. సాయంత్రం చూసేవాళ్లు యాప్ తెరవగానే బొమ్మ మీదే ఫలితం కనబడే ప్రమాదం ఉంది. తెరిచే పని ఇంట్లో రెజ్లింగ్ పట్టని వాళ్లకు అప్పగించి, షో మొదలయ్యాక గదిలోకి పోవడం క్షేమం.

అయిపోయాక ప్రొజెక్టర్ ప్లగ్ వెంటనే పీకొద్దు. ఆఫ్ బటన్ నొక్కి, లోపలి ఫ్యాను ఆగే దాకా ఉంచాలి. అద్దె రోజు లెక్కన కాబట్టి ఆది, సోమ రెండింటికీ కలిపి ముందే మాట్లాడుకోవాలి. మధ్యలో ఇచ్చి తెచ్చుకుంటే మళ్లీ స్టూలు ఎత్తు, ఫోకస్ మొదటి నుంచి సరిచేసుకోవాలి. కిటికీ కాగితాలు కూడా సోమవారం దాకా ఉంచేయండి.

2027లో 43వ రెసిల్‌మేనియా సౌదీలోని రియాద్‌లో అని ప్రకటించారు. రియాద్ మనకన్నా రెండున్నర గంటలే వెనక. అక్కడ రాత్రి 7కు మొదలుపెడితే మనకు 9:30. వెలుతురు బాధ ఉండదు, వెంటిలేటర్ జోలికి పోనక్కర్లేదు. అయితే షో అయ్యేది అర్ధరాత్రి దాటాక, అంటే రాత్రి 10 తర్వాతి సౌండు నిబంధన దాదాపు మొత్తం షోకు వర్తిస్తుంది. పైగా ఊరంతా నెట్ వాడే వేళ. ఫైబర్ లైనును ఈసారి రాత్రి 9:30కే పరీక్షించి చూసుకోవాలి.